అట్ట రాకెట్టుకి పెద్ద మోటారు

గుల్లలపేట వాతావరణ కేంద్రం. పరిశీలన పుస్తకం. రాస్తున్నది సూరాడ నూకరత్నం, మూడో తరగతి పరిశీలకురాలు. నాలుగో తరగతి లేదు.

అక్టోబరు 3

కొత్త మోటార్లు వచ్చాయి. పడవలో, మెత్తటి పొట్టు పోసిన పెట్టెలో, కొత్త కోడళ్ళలా దిగాయి. మొత్తం పది. పాతవి నా చిటికెన వేలంత ఉండేవి. ఇవి అదే లావుతో జానెడు పొడవున్నాయి. పెట్టెలో ఒక ఉత్తరం కూడా ఉంది. ఇకనుంచి మూడు వందల మీటర్ల ఎత్తు రీడింగు పనికిరాదనీ, వెయ్యి మీటర్లది కావాలనీ, అందుకే నాలుగు రెట్లు బలమైన మోటార్లు పంపుతున్నామనీ, సద్వినియోగం చేసుకోవాలనీ దాని సారాంశం.

సద్వినియోగం చేద్దామని పెట్టె అడుగు దాకా రాకెట్ల కోసం వెతికాను. లేవు. అవి పాతవే వాడుకోవాలట.

పాత రాకెట్టంటే ఒక అట్టగొట్టం, దాని మీద జిగురుతో అంటించిన మూడు పల్చటి కర్ర రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, లోపల మడతపెట్టిన గొడుగు. ఒకప్పుడు బళ్ళో పిల్లలు సెలవుల్లో సరదాకి చేసుకున్న కిట్టు. పైన ఉపగ్రహాలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని తుక్కయ్యాక, తీరానికి వాతావరణం చెప్పే బాధ్యత ఈ కిట్టు నెత్తిన పడింది. రోజూ పొద్దున ఏడింటికి పన్నెండు ఊళ్ళలో పన్నెండు అట్టగొట్టాలు లేస్తాయి. పైకెళ్ళాక మోటారు ఆఖరి మంట ముక్కును తోసేస్తే గొడుగు విచ్చుకుంటుంది. దానికి శనగగింజంత యంత్రం వేలాడుతుంది. దాన్ని మేం గింజ అనే అంటాం. గాలి తనని ఎటు తోస్తోందో, ఎంత వేగంగా తోస్తోందో అది కిందికి చెబుతుంది. ఆ అంకెను నేను జోనల్ ఆఫీసు పట్టికలో మా ఊరి గడిలో పడేలా పంపి, బిందె తీసుకుని మంచినీళ్ళ మిషను దగ్గర వరసలో నిలబడతాను. ఇదీ నా ఉద్యోగం.

అక్టోబరు 4

కొత్త మోటారు పెట్టి ఎగరేశాను. రాకెట్టు కొబ్బరిచెట్టు ఎత్తు దాటగానే మూడు రెక్కలూ మూడు దిక్కులకి వెళ్ళిపోయాయి. రెక్కల్లేని గొట్టానికి మాత్రం ఉత్సాహం తగ్గలేదు. రెండు గిరికీలు కొట్టి, మంచినీళ్ళ వరస మీదుగా దూసుకెళ్ళి ఇసుకలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వరస మాత్రం చెదిరిపోయింది. మూడేళ్ళలో మొదటిసారి నాకు ముందు చోటు దొరికింది.

ఎనిమిదింటికి జోనల్ అధికారి సర్వారాయుడు గారు ఫోను చేశారు.

“గడి ఖాళీగా వచ్చిందేమ్మా?”

“రాకెట్టు విరిగిపోయింది సార్. మోటారు బలానికి కిట్టు ఆగట్లేదు.”

“మిగతా పదకొండు ఊళ్ళ అంకెలూ వచ్చాయే! వాళ్ళవి ఆగుతున్నాయిగా?”

“కిట్టుని కాస్త గట్టిపరుచుకోవచ్చా సార్?”

“నియమం పద్నాలుగు. కిట్టు నిర్మాణంలో మార్పులు నిషిద్ధం. సర్లే, నిన్న తీరం మొత్తం సగటు ఎంత?”

“గంటకి పన్నెండు కిలోమీటర్లు సార్.”

“ఒక్క రోజులో గాలి ఎక్కడికి పోతుందమ్మా? నేనేమీ చెప్పడం లేదు. గడి ఖాళీగా ఉంటే నా గ్రాఫు తెగిపోతుందని మాత్రం అంటున్నాను.”

పన్నెండు వేశాను. మూడు వందల మీటర్ల దగ్గర నిన్న వీచిన గాలిని, వెయ్యి మీటర్ల దగ్గర ఈ రోజు వీచినట్టు రాశాను. గ్రాఫు బతికింది. నీళ్ళు మోసుకొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు.

అక్టోబరు 6

ఈసారి రెక్కల చుట్టూ జిగురు రెట్టింపు పూశాను. రెక్కలు నిలిచాయి. మోటారే నిలవలేదు. దాన్ని పట్టి ఉంచాల్సిన అట్ట ఉంగరాలను చించుకుని, గొట్టం మధ్యలోంచి పైకి దూసుకుపోయి, ముక్కును ఊడగొట్టుకుని ఒంటరిగా ప్రయాణం సాగించింది. రాకెట్టు మాత్రం ఎగరేసే కడ్డీ దగ్గరే ఉండిపోయింది.

గడి ఖాళీగా పంపాను. ఇంక పన్నెండు వెయ్యదలుచుకోలేదు.

ముక్కలు సంచిలో వేసుకుని మైలపల్లి కారమ్మ పిన్ని కొట్టానికి వెళ్ళాను. పిన్ని ఫైబరు పడవలు బాగుచేస్తుంది. అరవై దాటాయి. గాజుపీచు గుడ్డ పరిచి, దాని మీద రెజిను పూసి, చిల్లుపడిన పడవకి మళ్ళీ అడుగు కట్టడంలో ఈ తీరంలో ఆవిడకి సాటి లేరు. ఊళ్ళో సగం పడవలు ఆవిడ చేతి మీదుగానే తేలుతున్నాయి.

పిన్ని గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కింది. అది సొట్టపోయింది.

“ఇదేటే, మిఠాయి పొట్లమా?”

“దేశ వాతావరణ శాఖ రాకెట్టు పిన్నీ.”

“ఓలమ్మా! దీన్ని నమ్ముకునేటి మనం సముద్రంలోకి ఎల్తన్నాం?” రెక్క విరిగిన చోటును గోటితో గీకింది. “పైతోలుకి అంటించేసినారు. సుక్కాని తీసుకెళ్ళి పడవకేసిన రంగు మీద అంటిస్తే ఆగుద్దేటి? గొట్టానికి గాటు పెట్టాల. రెక్కని లోపలికి దూర్చి, లోపలున్న మోటారు గొట్టానికి కరిపించాల. అప్పుడు ఎముకని పట్టుకున్నట్టు.”

“మార్చకూడదు పిన్నీ. నియమం ఉంది.”

“ఎవలు రాసినారు నియమం?”

“జోనల్ ఆఫీసులో.”

“ఆళ్ళ ఊరు ఎంత దూరం, సముద్రానికి?”

“నూట ఎనభై కిలోమీటర్లు.”

పిన్ని రెజిను డబ్బా మూత తీసింది.

అక్టోబరు 7

రోజంతా కొట్టంలోనే. గొట్టానికి మూడు పొడవాటి గాట్లు పెట్టాం. పల్చటి ప్లైవుడ్డుతో కొత్త రెక్కలు కోశాం. అట్ట ఉంగరాలు తీసేసి, అదే ప్లైవుడ్డుతో చేసిన ఉంగరాలు బిగించాం. రెక్క గొట్టాన్ని తాకే మూలల్లో రెజిను ఒంపి, పిన్ని వేలితో నున్నగా దిద్దింది. చివరికి గొట్టం మొత్తానికి గాజుగుడ్డ ఒక్క వరస చుట్టాం.

“రెండు వరసలు చుడదామా?” అన్నాను.

“బలం సాలదని బరువెక్కిత్తే పైకేటి లేత్తాది? ఒకటి సాలు.”

గాజుపీచు దురద మోచేతుల దాకా పాకింది. గోక్కుంటూ ఇది రాస్తున్నాను.

ఆరాక తాడు కట్టి తూచాను. మోటారు బరువంతా వెనకే ఉండటంతో తోక కిందికి దిగిపోయింది. అలాగే ఎగరేస్తే వెనక్కి తిరిగి మా మీదికే వస్తుంది. పిన్ని వల అంచున కట్టే సీసపు గుళ్ళు గుప్పెడు తెచ్చి ముక్కులో పోసి, పైన రెజిను పోసి బిగించింది. తాడు చివర కట్టి గుండ్రంగా తిప్పితే ఈసారి ముక్కు ముందుకే చూసింది.

అక్టోబరు 8

లేచింది! సూటిగా, ఊగకుండా, వెయ్యి మీటర్లు. నేను చప్పట్లు కొట్టేలోపే పైన గొడుగు బయటపడి ఒక్క కుదుపు కుదిపింది. గొడుగును గొట్టానికి కలిపే రబ్బరు తాడు, గొట్టం మూతిని జానెడు పొడవున చీల్చి, తానూ తెగిపోయింది. గొట్టం సముద్రంలో పడి, కెరటాలతో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. గొడుగు చుట్టుకుపోయి, గింజతో సహా రాయిలా రాలింది. అంకె రాలేదు.

గడి మళ్ళీ ఖాళీ. సర్వారాయుడు గారు ఈసారి ఫోను చేయలేదు, హెచ్చరిక పంపారు.

కానీ ఈ రోజు నన్ను భయపెట్టింది హెచ్చరిక కాదు. పొద్దున్నుంచి కెరటానికీ కెరటానికీ మధ్య ఎడం పెరిగింది. ఒడ్డున ఆకు కదలడం లేదు. కెరటాలు మాత్రం ఎక్కడో దూరంగా ఎవరో తోస్తున్నట్టు, బరువుగా, తీరిగ్గా వచ్చి పడుతున్నాయి. పడవలు వెళ్ళలేదు. మంచినీళ్ళ వరసలో అందరూ నన్ను ఒకటే అడిగారు: “మేడ మెట్లు దింపుతారేటి?”

తుపాను మేడ మా ఊరి చివర ముప్ఫై అడుగుల స్తంభాల మీద ఉంది. మొత్తం రెండు వందల పన్నెండు మందీ పడతాం. మెట్లు ఇదివరకు ఎప్పుడూ కిందే ఉండేవి. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన అక్కడ ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల మీద కాలేసి జారాడు. అప్పట్నుంచి మెట్లు పైకి మడిచేసి, తాళం జోనల్ ఆఫీసులోని యంత్రానికి అప్పగించారు. తుపాను అని యంత్రం ఒప్పుకుంటేనే దిగుతాయి. పన్నెండు ఊళ్ళకీ ఇదే పద్ధతి. పెద్దాయన కాలు వారంలో నయమైంది.

యంత్రం ఒప్పుకోవాలంటే అంకె కావాలి. అంకె కావాలంటే గొడుగు నిలవాలి.

పిన్ని చీలిన గొట్టం సంగతి విని, పెద్ద చేపల గాలాలకి కట్టే స్టీలు తీగ తెచ్చింది. అలాగే రెండో రాకెట్టు చేసి, మంట తగిలే లోపలి భాగానికి ఆ తీగ, పైన వల నైలాన్ తాడు కట్టాం. తాడు గొట్టం మూతిని కోసే చోట ఒక వల బెండు గుచ్చింది.

“కుదుపొచ్చినప్పుడు తాడు కొయ్యదు. బెండు మెత్తగా ఆన్తాది. మరి సూడు.”

అక్టోబరు 9

రెండో రాకెట్టుకి రెజిను ఆరనివ్వాలి. తొందరపెడితే మెత్తగా ఉండిపోతుంది. కాబట్టి ఈ రోజంతా నేను చేసిన పని కూర్చోవడం. కష్టమైన పనే. కెరటాలు నిన్నటికంటే ఎత్తుగా ఉన్నాయి. పదకొండు ఊళ్ళ అంకెలు తెర మీద వచ్చాయి: పన్నెండు, పన్నెండు, పన్నెండు.

అక్టోబరు 10

ఏడింటికి ఎగరేశాం.

పిన్ని తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి చూసింది. ఆవిడ చేసినవి నీళ్ళ మీద పోవడమే ఇంతవరకూ చూసింది. పైకి పోవడం చూసింది ఇదే మొదటిసారి. చిటారు కొనలో గొడుగు తెల్లగా విచ్చుకుంది. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, తాడు కట్టి ఎవరో లాగినట్టు పడమరకి పరుగు తీసింది. కింద నా చీర కొంగు కూడా కదలడం లేదు.

గింజ చెప్పిన అంకె తొంభై నాలుగు.

వెంటనే పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: “గుల్లలపేట రీడింగు తిరస్కరించబడినది. కారణం: పరికర లోపం. పొరుగు కేంద్రాల సగటు: 12.”

ఈసారి ఫోను నేనే చేశాను.

“సార్, పైన తొంభై నాలుగు ఉంది. నా కళ్ళతో చూశాను. మెట్లు దింపించండి.”

“పదకొండు మంది ఒక మాట అంటున్నారమ్మా. నువ్వొక్కదానివే ఇంకో మాట అంటున్నావు. యంత్రం ఎవరిని నమ్మాలి?”

“వారం రోజులుగా పదకొండు ఊళ్ళలోనూ గాలి సరిగ్గా పన్నెండే ఎలా వీస్తోంది సార్?”



“వాతావరణం నిలకడగా ఉంది,” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “చూడమ్మా, కనీసం ఏడు కేంద్రాలు కలిస్తేనే యంత్రం ఒప్పుకుంటుంది. అది నా చేతుల్లో లేదు. నిజంగా లేదు,” అన్నారు.

పరిశీలకుల మధ్య ఒక వైర్‌లెస్ ఉంది. రోజూ ఏడున్నరకి “వినబడతందా”, “వినబడతంది” అనుకుని కట్టేస్తాం. ఈ రోజు ఆ మాటలయ్యాక నేను కట్టలేదు.

“మీ రాకెట్లు ఎగురుతున్నాయా?” అని అడిగాను.

బరబర శబ్దం తప్ప ఏమీ లేదు. పదకొండు మంది వింటున్నారని తెలుస్తూనే ఉంది. నేను అరవబోయాను. కానీ నేను వేసిన అంకె ఒకటి ఈ పుస్తకంలోనే, మూడు పేజీల వెనక ఉంది.

“నాలుగో తారీకున నాది విరిగిపోయింది,” అన్నాను. “నిన్నటి పన్నెండు వేసేశాను. మీరు కూడా వేశారని నాకు తెలుసు. నేను తిట్టడానికి రాలేదు. ఇవాళ నాది వెయ్యి మీటర్లు ఎగిరింది. తొంభై నాలుగు ఉంది. మా ఒక్క ఊరి మాట యంత్రం వినడం లేదు.”

ముందుగా పలికింది రాళ్ళపాలెం పరిశీలకుడు దానయ్య. నాకంటే చిన్నవాడు, నన్ను అక్క వరసలో అప్పా అంటాడు. మొన్న చైత్రంలోనే కూతురు పుట్టింది.

“అప్పా, మాయి మొదటి రోజే ఇరిగిపోనాయి. అన్నీ ఇరిగిపోనాయి. సెప్తే ఉద్యోగం తీసేత్తారని...”

తర్వాత ఒక్కొక్కరే. ఎవరికీ ఎగరలేదు. ఒకరిది బడి కప్పు మీద పడింది. ఒకాయన అసలు పెట్టే తెరవలేదట, చూస్తేనే భయం వేసిందట.

“ఇప్పుడు ఎగరేయడానికి ఎవలకాడా గట్టి రాకెట్టు నేదు గదప్పా,” అన్నాడు దానయ్య. “మరేటి సేద్దాం?”

ఈ మాట నేను చెప్పాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. “నా అంకె వేసెయ్యండి,” అన్నాను.

“కాపీ కొట్టమంటావా?”

“ఇన్నాళ్ళూ నిన్నటిది కొట్టారు. ఇవాళ ఇవాళ్టిది కొట్టండి.”

“అందరం తొంభై నాలుగే ఏత్తే యంత్రానికి అనుమానం రాదేటి?”

“వారం రోజులు పన్నెండు వేస్తే వచ్చిందా?”

వైర్‌లెస్‌లో ఎవరో నవ్వారు. 

ఏడు యాభైకి పదకొండు గడుల్లో పన్నెండు పోయి తొంభై నాలుగు పడింది. ఎగరని పదకొండు రాకెట్లు కలిసి ఎగిరిన ఒక్కదానికి సాక్ష్యం చెప్పాయి. యంత్రం ఎంతో సంతృప్తిగా, “కేంద్రాల మధ్య సంపూర్ణ ఏకాభిప్రాయం. తుపాను నిర్ధారించబడినది,” అంది. ఎనిమిదింటికి తీరం పొడవునా పన్నెండు మేడల మెట్లు కిరకిరలాడుతూ దిగాయి.

మధ్యాహ్నానికి ఊరంతా పైకెక్కాం. పిన్ని చివరగా వచ్చింది. ఆవిడని కొట్టం నుంచి బయటికి తేవడానికి నలుగురం కావాల్సి వచ్చింది. కొత్త పడవలు పోసే అచ్చు అక్కడే ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట పిన్నీ, వాళ్ళాయనా కలిసి చేసుకున్న అచ్చు. ఎత్తి మోసే వస్తువు కాదు.

“పదే,” అంది చివరికి, దాని వైపు చూడకుండా. “మనుషులుంటే మళ్ళీ సేసుకోవచ్చు.”

నాలుగింటికి పైనున్న ఆ గాలి నేల మీదికి దిగి, తుపానై మా మీద పడింది.

అక్టోబరు 12

మా ఊళ్ళో మనుషులందరూ ఉన్నారు. ఇళ్ళు తొమ్మిదే ఉన్నాయి. మిగతా పదకొండు ఊళ్ళలోనూ ప్రాణం పోలేదని వైర్‌లెస్‌లో దానయ్య చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. నేను కట్టకుండా విన్నాను.

పిన్ని కొట్టం ఉన్నచోట ఇసుక ఉంది. అచ్చు కనబడలేదు. పిన్ని అక్కడ కూర్చుని చాలాసేపు ఇసుక తవ్వింది. నేనూ తవ్వాను. రెజిను డబ్బా ఒకటి దొరికింది, మూత బిగించినది బిగించినట్టే ఉంది.

అక్టోబరు 20

ఉత్తరాలు వచ్చాయి. పదకొండు కేంద్రాలకి, “కచ్చితమైన, సమన్వయంతో కూడిన పరిశీలనకు” ప్రశంసాపత్రాలు. నాకు సంజాయిషీ నోటీసు. తుపాను ముందు నాలుగు రోజులు వరసగా గడి ఖాళీగా ఎందుకు పంపానో, కేంద్రం రెజిను వాసన వేస్తోందని తుపాను తర్వాత తనిఖీకి పడవలో వచ్చిన ఉద్యోగి ఎందుకు రాశాడో వివరించాలట. పదో తారీకు నాటి రాకెట్టును సాక్ష్యంగా సమర్పించాలట. అది పడమరకి తొంభై నాలుగు కిలోమీటర్ల వేగంతో వెళ్ళిందనీ, దారిలో జోనల్ ఆఫీసుంది కాబట్టి వాళ్ళే చూసుకోవచ్చనీ రాయబోయి, ఊరుకున్నాను.

సాయంత్రం సర్వారాయుడు గారి ఫోను.

“జవాబులో మార్పు అని రాయకమ్మా. మరమ్మతు అని రాయి.”

“తేడా ఏమిటి సార్?”

“మార్పుకి నియమం పద్నాలుగు ఉంది. మరమ్మతుకి ఏ నియమమూ లేదు. నేను నాలుగు సార్లు చదివాను.” ఆగి అన్నారు, “మీ రాళ్ళపాలెం వాడి ప్రశంసాపత్రం వెనక్కి వచ్చింది. ‘ఇది మాది కాదు’ అని దాని మీద రాసి పంపాడు. దాన్ని ఏ గడిలో వెయ్యాలో తెలియక సొరుగులో పెట్టుకున్నాను.”

అక్టోబరు 27

పొద్దున్నే పదకొండు పడవలు. ఒక్కో పడవలో ఒక్కో పరిశీలకుడు, చంకలో అట్టగొట్టంతో. మూడేళ్ళుగా గొంతులే విన్నాను, ముఖాలు ఇవాళ చూశాను. పెట్టె తెరవని ఆయన ఆరడుగుల మనిషి.

పిన్ని తాటాకు పందిరి కింద అందరినీ వరసగా కూర్చోబెట్టింది. ముందు మోచేతులకి కొబ్బరినూనె రాసుకోమంది, దురదకి. తర్వాత ఒక గొట్టం తీసుకుని గాటు పెట్టి చూపించింది.

“ఓరి దానియ్యా, అలగ ఒంపీకు, పాయసమేటి అది? పల్చగా పూయాల. బేగి పూయి, గట్టిపడిపోద్ది.”

“పూత్తన్నాను పిన్నీ.”

“ఏటి పూత్తన్నావు? నీ సొక్కాకి పూత్తన్నావు.”

సాయంత్రానికి పదకొండు రాకెట్లు ఇసుకలో ముక్కు పైకెత్తి ఆరుతున్నాయి. తిరిగి వెళ్ళేముందు వాళ్ళంతా చందా వేసుకోలేదు, మాటలు చెప్పలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామన్నారు, పిన్నికి కొత్త అచ్చు పని మొదలుపెట్టడానికి.

నవంబరు 9

ఏడింటికి పన్నెండు ఊళ్ళలోనూ లేచాయి. దానయ్యది కాస్త వంకరగా వెళ్ళిందట గాని, వెళ్ళింది. ఏడున్నరకి అంకెలన్నీ తెర మీదకి వచ్చాయి: పద్నాలుగు, ఇరవై ఒకటి, తొమ్మిది, పదిహేడు, పదకొండు... ఏ రెండూ కలవలేదు.

ఎనిమిదింటికి ఫోను మోగింది.

“ఏంటమ్మా ఇది? పన్నెండు ఊళ్ళు, పన్నెండు అంకెలు! యంత్రం పొద్దున్నుంచి ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంది. ఇదివరకు ఎంత చక్కగా కలిసేవి!”

“ఇప్పుడు ఎగరేస్తున్నాం సార్.”

అవతల కాగితం తిప్పిన శబ్దం వినిపించింది.

“రాళ్ళపాలెంలో ఇరవై ఒకటి అంటే,” అన్నారాయన నెమ్మదిగా, “పడవలు వెళ్ళచ్చా?”

మూడేళ్ళలో ఆయన నన్ను గాలి గురించి అడగడం ఇదే మొదటిసారి. వెళ్ళచ్చని, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేస్తే మంచిదని చెప్పాను. రాసుకున్నారు.